పింగ్ రాని మధ్యాహ్నాలు

లైనక్స్ కెర్నల్ ఇక ముందుకు పోలేనని తేల్చుకున్నప్పుడు తెర మీద ఒక వాక్యం రాసి ఆగిపోతుంది. "కెర్నల్ పానిక్: వీఎఫ్ఎస్: అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్ఎస్." అంటే, నేను లేచాను గానీ నా ఇల్లు నాకు దొరకలేదు అని. మంచి వాక్యం. ఏ డిస్కు కోసం వెతికిందో కూడా చెప్తుంది, సగం మరమ్మతు అందులోనే ఉంటుంది. చిక్కల్లా ఆ వాక్యం తెర మీద పడుతుంది. తెర డాలస్‌లో ఉంటుంది. నిజానికి అక్కడా ఉండదు, డేటా సెంటర్ ర్యాకుల్లో పేర్చిన సర్వర్లకి ఎవరూ మానిటర్లు తగిలించరు. ఆ సర్వర్ని చూసుకునే మనిషి దిల్‌సుఖ్‌నగర్లో, మూడో అంతస్తులో, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంటాడు. అతనికి కనపడేది వేరే వాక్యం: "రిక్వెస్ట్ టైమ్‌డ్ అవుట్." అది మళ్ళీ మళ్ళీ కిందికి జారుతూ ఉంటుంది.

ఈ రెండు వాక్యాల మధ్య దూరాన్ని జనం ఎలా దాటారన్నదే ఇక్కడ చెప్పబోయే చరిత్ర.

హైదరాబాదు కంప్యూటర్ల కథ రాసేవాళ్ళు మామూలుగా 1998లో మాదాపూర్లో తెరిచిన సైబర్ టవర్స్‌తో మొదలుపెడతారు. కోచింగుల సంగతి వస్తే అమీర్‌పేట అని ఒక మాట అని ముందుకెళ్తారు. మలక్‌పేట దాటాక వచ్చే తూర్పు వైపు – దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్బీ నగర్ – ఆ కథలో పెద్దగా కనపడదు. కానీ నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం నుంచి విజయవాడ రోడ్డు మీద వచ్చే బస్సు ఎక్కినవాడు ముందుగా చూసే హైదరాబాదు ఎల్బీ నగర్. అప్పటికి అదింకా విడి మునిసిపాలిటీ. 2007లో గ్రేటర్లో కలిసింది. దిగినవాడికి హాస్టల్ మంచం దొరికేది దిల్‌సుఖ్‌నగర్లో. గోడల మీద బ్యాంకు పరీక్షల బోర్డులూ, జావా, ఒరాకిల్, లైనక్స్ బోర్డులూ ఒకదాని మీద ఒకటి. జెరాక్స్ షాపుల్లో స్పైరల్ బైండింగ్ నోట్సులు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ అప్పుడింకా అక్కడే ఉండేది, వేసవి రాత్రుల్లో మామిడికాయల లారీలు రోడ్డంతా ఆక్రమించేవి.

ఆ హాస్టళ్ళలో కొందరు సర్వర్ సపోర్టు పని చేసేవాళ్ళు. అమెరికాలో వెబ్ హోస్టింగ్ అమ్ముకునే చిన్న చిన్న వ్యాపారాలు తమ సర్వర్ల బాగోగులు ఇండియాకి అప్పజెప్పడం అప్పుడే మొదలైంది. ఈ పనికి కొచ్చి వైపు పెద్ద కంపెనీలే పుట్టాయి. ఇక్కడ మాత్రం రెండు గదుల ఫ్లాటు, నాలుగు కంప్యూటర్లు, ఒక యూపీఎస్, అంతే. నేను కంప్యూటర్ల మనిషిని కాను. అలాంటి ఉద్యోగం చేసే ఒకాయన నా పక్క మంచం, అతని దగ్గర విన్నవీ, ఎదురుగా చూసినవీ, తర్వాత చదివి సరిచూసుకున్నవీ కలిపి చెబుతున్నాను.

సపోర్టు అంటే రాత్రి ఉద్యోగం అనుకుంటాం. కస్టమర్లతో మాట్లాడే పని రాత్రే. కానీ కెర్నల్ మార్చే పని మాత్రం పట్టపగలు వచ్చేది. సర్వర్ ఆపి మళ్ళీ లేపాలంటే దాని మీదున్న సైట్లన్నీ కాసేపు పడుకుంటాయి కాబట్టి, అక్కడ రాత్రి రెండు గంటలకి ముహూర్తం పెడతారు. చలికాలంలో డాలస్ రాత్రి రెండంటే మనకు మధ్యాహ్నం ఒకటిన్నర. కరెంటు పోయినా పోవచ్చు. మెస్సులో అన్నం అయిపోయినా అయిపోవచ్చు.

ఇంత దూరం నుంచి అంత పని ఎలా సాగిందంటే, ప్రయాణం చేసేది మీటలు మాత్రమే. 1995లో హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయంలో టాటు యూలెనెన్ రాసిన ఎస్ఎస్‌హెచ్, సైమన్ టాథమ్ రాసిన పుట్టీ – పుట్టీ అంటే ఇన్‌స్టాల్ చేయనక్కర్లేని ఒకే ఒక ఫైలు, ఫ్లాపీలో పట్టేది, ఏ ఇంటర్నెట్ సెంటర్లో అయినా నడిచేది. 2.4 కెర్నల్ సోర్సు కుదించి కట్టినా ఇరవై నుంచి ముప్ఫై మెగాబైట్లు. దిల్‌సుఖ్‌నగర్లో మోడెమ్ మీద దించుకోవాలంటే గంటన్నర ఫోన్ బిల్లు. అదే డాలస్ సర్వర్లోకి దించాలంటే కొన్ని సెకన్లు. ఇక్కడి నుంచి పోయేది నాలుగు అక్షరాల ఆజ్ఞ, అక్కడ అరగంట నుంచి గంట దాకా మిషను మోత. బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ 2005 జనవరిలో గానీ రాలేదు, దానికి ముందు కూడా ఈ పని జరిగిందంటే ఇదే కారణం.

అయితే లైను తెగితే ఆ లైను మీద నడుస్తున్న కంపైల్ కూడా చచ్చిపోతుంది. అందుకని అందరూ ముందు "స్క్రీన్" అని కొట్టేవాళ్ళు. 1987లో బెర్లిన్లో పుట్టిన ప్రోగ్రాం అది. మన లైను పోయినా అక్కడి పని నడుస్తూనే ఉంటుంది, మళ్ళీ కలిసినప్పుడు వదిలిన చోట తగులుకోవచ్చు. బెర్లిన్లో ఏ అవసరానికి రాశారో గానీ, కరెంటు కోతల ఊళ్ళో కూర్చుని పని చేసేవాడి కోసమే రాసినట్టుండేది.

ఇంతకీ సొంతంగా కెర్నల్ ఎందుకు కట్టుకోవాలి? 1991లో లినస్ టోర్వాల్డ్స్ బయటపెట్టిన మొదటి కెర్నల్ పదివేల లైన్లు. 1994లో 1.0 వచ్చేసరికి లక్షా డెబ్భై ఆరు వేలు. 2003 చివర 2.6.0 నాటికి దాదాపు 59 లక్షలు. ప్రతి డిస్కు కంట్రోలర్‌కీ, ప్రతి నెట్‌వర్క్ కార్డుకీ అందులో ఒక ముక్క ఉంటుంది. మన మిషన్లో ఏవి ఉన్నాయో చూసుకుని వాటినే ఎంచుకుని కట్టుకోవడమే "కస్టమ్ కెర్నల్". మెనూలో ఒక్కో ప్రశ్నకి మూడు జవాబులు: అవును, వద్దు, మాడ్యూల్. మాడ్యూల్ అంటే ఇప్పుడు లోపల పెట్టకు, పక్కన ఫైలుగా ఉంచు, అవసరమైతే తెచ్చుకుంటాను అని. ఈ మూడో జవాబు ఎంత మంది కొంప ముంచిందో చెప్పలేం. డిస్కు నడిపే డ్రైవర్ని మాడ్యూల్‌గా పెడితే, ఆ ఫైలు డిస్కులోనే ఉంటుంది. డిస్కు తెరవాలంటే ఆ ఫైలు కావాలి. ఇన్‌ఇట్‌ఆర్‌డీ అనే చిన్న సంచీ ముందే కట్టివ్వకపోతే, తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపు వేసుకున్నట్టే.

ఇండియాలో చాలామంది ఈ మెనూని మొదట చూసింది పీసీక్వెస్ట్ పత్రికతో వచ్చిన సీడీల పుణ్యాన. 1996 నుంచి ఆ పత్రిక లైనక్స్‌ని సీడీలో పెట్టి ఇచ్చేది. కోచింగ్ సెంటర్లలో కెర్నల్ కంపైల్ ఒక ప్రాక్టికల్. దాన్ని నేర్పిన తీరు మీద నాకో అభిప్రాయం ఉంది: అక్కడ మిషను ఎదురుగా ఉంటుంది, పానిక్ వస్తే చదువుకుని, రీసెట్ నొక్కి, పాత కెర్నల్ ఎంచుకుని మళ్ళీ మొదలెట్టొచ్చు. వేలు అందని మిషను మీద ఎలా చేయాలో ఏ స్పైరల్ నోట్సులోనూ ఉండేది కాదు. ఉద్యోగంలో అడిగేది మాత్రం అదే.

సరదాకో, వేగం కోసమో కెర్నల్ కట్టుకునే రోజులు 2003 నవంబరుతో అయిపోయాయి. ఆ నెల 19న డెబియన్ వాళ్ళ సర్వర్లలోకి ఎవరో చొరబడ్డారు. ఒక డెవలపర్ పాస్‌వర్డు దొంగిలించి మామూలు వాడుకరిగా లోపలికొచ్చి, అక్కడి నుంచి రూట్ అయిపోయారు. నాలుగు మిషన్లు పోయాయి. ఎలా రూట్ అయ్యారో తవ్వితే, కెర్నల్లో డూ_బీఆర్‌కే అనే చిన్న ఫంక్షన్లో ఒక హద్దు తనిఖీ లేదని తేలింది. అసలు విషాదం ఏమంటే, ఆ లోపాన్ని ఆండ్రూ మోర్టన్ సెప్టెంబరులోనే చూసి సరిచేశాడు. దాన్ని భద్రతా లోపంగా ఎవరూ గుర్తించలేదు, అప్పటికే 2.4.22 బయటికి వెళ్ళిపోయింది. మరమ్మతుతో 2.4.23 వచ్చింది నవంబరు 28న.

వెబ్ హోస్టింగ్ సర్వర్‌కి ఇలాంటి లోపం ప్రాణాంతకం. ఒకే మిషన్లో వందల మంది అద్దెకుంటారు. అందులో ఏ ఒక్కడు తలచుకున్నా, ఏ ఒక్కడి పాస్‌వర్డు పోయినా, మొత్తం మిషను పోయినట్టే. కాబట్టి అన్ని సర్వర్లకీ కొత్త కెర్నల్ వేయాలి, వెంటనే వేయాలి. సరిగ్గా అప్పుడే రెడ్‌హ్యాట్ కంపెనీ 7.3, 8.0 రకాలకు ఇక మరమ్మతులు ఇవ్వనని ప్రకటించి ఉంది. గడువు డిసెంబరు 31. హోస్టింగ్ సర్వర్లలో ఎక్కువ శాతం వాటి మీదే నడిచేవని మా పక్క మంచం ఆయన లెక్క. 2004 జనవరి 5న పాల్ స్టార్జెట్జ్ అనే పరిశోధకుడు ఎంరీమ్యాప్‌లో ఇంకో లోపం బయటపెట్టాడు, 2.4.24 వచ్చింది. ఫిబ్రవరి 18న అదే ఎంరీమ్యాప్‌లో మరొకటి, 2.4.25. మూడు నెలల్లో మూడు సార్లు, ప్రతి సర్వర్‌కీ. ముప్ఫై సర్వర్లు చూసుకునేవాడికి తొంభై రీబూట్లు. తొంభై సార్లు గుండె చేత్తో పట్టుకుని ఎంటర్ నొక్కడం.

ఎంటర్ నొక్కే దాకా పని ఒక తంతు. మేక్ మెనూకాన్ఫిగ్, మేక్ డెప్, మేక్ బీజడ్‌ఇమేజ్, మేక్ మాడ్యూల్స్, మేక్ మాడ్యూల్స్ ఇన్‌స్టాల్. పాత కాన్ఫిగ్ ఫైలు తెచ్చుకుంటే సగం ప్రశ్నలు తప్పుతాయి. తర్వాత కొత్త కెర్నల్ని బూట్ డైరెక్టరీలోకి కాపీ చేసి, లిలో అని కొట్టాలి. ఈ ఆఖరిది మరిచిపోయేవాళ్ళు బోలెడు మంది. లిలో అనే బూట్ లోడర్‌కి ఫైళ్ళ పేర్లు తెలియవు. కెర్నల్ డిస్కులో ఏ గళ్ళలో ఉందో ఆ చిరునామాలు రాసిపెట్టుకుంటుంది. ఫైలు మార్చి దానికి చెప్పకపోతే పాత గళ్ళ దగ్గరికే పోతుంది, అక్కడ ఇంకేదో ఉంటుంది. ఆ తర్వాత వచ్చిన గ్రబ్ ఫైల్ సిస్టమ్‌ని తానే చదవగలదు కాబట్టి ఈ గొడవ లేదు.

సరే, అన్నీ చేశాడు, రీబూట్ అన్నాడు. పుట్టీ కిటికీ మూసుకుంది. పక్క కిటికీలో పింగ్ నడుస్తోంది. మామూలుగా రెండు మూడు నిమిషాల్లో జవాబు రావాలి.

"ఏమైందన్నా?"

"పింగ్ వస్తలేదు."

"ఎంత సేపైంది?"

"పదకొండు నిమిషాలు."

ఆ పదకొండు నిమిషాల్లో ఫ్లాట్లో ఎవరూ మాట్లాడరు. డేటా సెంటర్‌కి టికెట్ రాస్తే అక్కడి మనిషి నడుచుకుంటూ వచ్చి బటన్ నొక్కుతాడు. దానికి డాలర్లలో బిల్లు, బిల్లు వెంట సర్వర్ యజమాని మెయిలు, మెయిలు వెంట ఉద్యోగం. అందుకే మొదట తేల్చుకోవాల్సింది, ఇది చావా, నిద్రా అని. లైనక్స్ ఫైల్ సిస్టమ్‌లు ఈఎక్స్‌టీ2, ఈఎక్స్‌టీ3 తయారుచేసే సాధనం వాటికి తనంతట ఒక గడువు పెట్టేది: 180 రోజులు దాటాక మళ్ళీ లేచినప్పుడు డిస్కంతా తనిఖీ చేసుకోవాలి. ఏడు నెలలు ఆగకుండా నడిచిన సర్వర్ని ఇవాళ రీబూట్ చేస్తే అది బుద్ధిగా తనిఖీకి కూర్చుంటుంది. పెద్ద డిస్కయితే అరగంట, ముప్పావుగంట. నెట్‌వర్క్ ఇంకా లేవలేదు కాబట్టి పింగ్‌కి జవాబు రాదు. బయటికి పానిక్‌కీ దీనికీ తేడా తెలియదు. తొందరపడి కరెంటు తీసి పెట్టించావా, తనిఖీ మధ్యలో తెగి, నిజంగానే పాడవుతుంది. ఈ గడువు ఎప్పుడు తీరుతుందో రీబూట్‌కి ముందే చూసి కాగితం మీద రాసుకునేవాడే ఆ పనిలో అనుభవం ఉన్నవాడు. కొత్తవాడు పన్నెండో నిమిషానికి టికెట్ రాస్తాడు.

అది నిద్ర కాదని తేలాక, ఎలాగో పాత కెర్నల్ మీద మిషను మళ్ళీ లేచాక, అసలు పత్తేదారు పని మొదలవుతుంది. తెర మీద పడిన వాక్యం ఎవరూ చూడలేదు. మిగిలింది లాగ్ ఫైలు. అందులో ఏముందో అన్నది ఎంత ముఖ్యమో, ఏం లేదో అన్నదీ అంతే ముఖ్యం. ప్రతి బూట్‌లో కెర్నల్ మొట్టమొదట తన వెర్షన్ చెప్పుకుంటుంది. ఆ మాటలన్నీ మెమరీలో ఆగి ఉండి, డిస్కు తెరుచుకుని లాగ్ ప్రోగ్రాం లేచాక ఫైల్లోకి చేరతాయి. కాబట్టి లాగ్‌లో "లైనక్స్ వెర్షన్ 2.4.23" అన్న లైను వెతుకు. లేదా? అయితే కెర్నల్ డిస్కు తెరవక ముందే, లేదా తెరిచిన వెంటనే పోయింది. డిస్కు కంట్రోలర్ డ్రైవరో, ఫైల్ సిస్టమో, రూట్ పేరో చూసుకోవాలి. ఉందా? అయితే కెర్నల్ శుభ్రంగా లేచింది, అన్ని సర్వీసులూ నడిచాయి, మిషను ఆ అరగంటా హాయిగా బతికే ఉంది, కాకపోతే నెట్‌వర్క్ కార్డు దానికి తెలియలేదు. ఈ1000 అని ఉండాల్సిన చోట ఇంకేదో ఎంచుకున్నాం. ఒక్క లైను ఉండటం, లేకపోవడంతో వెతకాల్సిన చోటు సగానికి సగం తగ్గిపోతుంది. పల్లెల్లో దొంగతనం జరిగితే కుక్క మొరిగిందా లేదా అని ముందుగా అడుగుతారు చూడండి, అలాంటిదే.

మూడో రకం ఒకటి నాకు బాగా గుర్తుండిపోయింది. పింగ్ వస్తుంది. ఎస్ఎస్‌హెచ్ పాస్‌వర్డు అడుగుతుంది, తీసుకుంటుంది. తర్వాత "పీటీవై అలొకేషన్ రిక్వెస్ట్ ఫెయిల్డ్" అని ఊరుకుంటుంది. తలుపు తీశారు, కూర్చోమనలేదు. కారణం, మెనూలో ఎక్కడో మూల "యూనిక్స్98 పీటీవై" అన్న ప్రశ్నకి వద్దనడం, లేదా డెవ్‌పీటీఎస్ అనే ఉత్తుత్తి ఫైల్ సిస్టమ్ తగులుకోకపోవడం. దూరం నుంచి వచ్చేవాడికి కావలసిన టెర్మినల్ అక్కడే తయారవుతుంది. ఎదురుగా కీబోర్డుతో కూర్చున్నవాడికి దాని అవసరమే రాదు, అందుకే ల్యాబులో ఈ తప్పు ఎప్పటికీ పట్టుబడదు. దీనికి విరుగుడు కూడా అంతే చిత్రం: టెర్మినల్ అడక్కుండా ఒకే ఆజ్ఞని ఎస్ఎస్‌హెచ్‌తో పాటే పంపితే అది పని చేస్తుంది. అలా ఒక్కొక్క ఆజ్ఞా చీటీల్లాగా లోపలికి తోసి, పాత కెర్నల్ని మళ్ళీ ముందుకు తెచ్చి, రీబూట్ చేసిన మధ్యాహ్నం ఒకటుంది. ఆ రోజు సాయంత్రం కొత్తపేటలో మా అందరికీ ఇరానీ చాయ్ ఆయనే పోయించాడు.

"ఎలాగో పాత కెర్నల్ మీద లేచాక" అని పైన అన్నాను. ఆ "ఎలాగో" వెనక రెండు చిన్న ఏర్పాట్లు ఉన్నాయి. నా దృష్టిలో ఈ మొత్తం విద్యలో తెలివంతా వాటిదే. ఒకటి, లిలోకి "-ఆర్" అని చెప్పడం: ఈ ఒక్కసారికి కొత్త కెర్నల్‌తో లే, తర్వాత మర్చిపో. లిలో ఆ చీటీ చదివి వెంటనే చెరిపేస్తుంది. రెండోది, కొత్త కెర్నల్‌కి "పానిక్=30" అన్న మాట అందించడం. మామూలుగా కెర్నల్ పానిక్ అయితే ఎవరో వచ్చి బటన్ నొక్కే దాకా అలాగే నిలబడి ఉంటుంది. ఈ మాట చెప్తే ముప్ఫై సెకన్లు ఆగి తనంతట రీబూట్ అవుతుంది. చీటీ చెరిగిపోయింది కాబట్టి ఈసారి పాత కెర్నల్. రెండూ కలిస్తే, పోయిన సర్వర్ ఐదు నిమిషాల్లో తనే తిరిగొస్తుంది, టికెట్ లేదు, బిల్లు లేదు.

నెట్‌వర్క్ కార్డు తెలియని కేసులో మాత్రం పానిక్ రాదు. అది కెర్నల్ దృష్టిలో లోపమే కాదు. దానికి జనం సొంతంగా ఇంకో కట్టు కట్టారు: బూట్ చివర నడిచే ఫైల్లో నాలుగు లైన్లు, పది నిమిషాల తర్వాత గేట్‌వేకి పింగ్ చేసి చూడు, రాకపోతే రీబూట్ అవ్వు. ఈ నాలుగు లైన్లు ఎవరు మొదట రాశారో తెలియదు, ఎవరికి వాళ్ళు రాసుకున్నారు. హాస్టల్లో ఒకరి నుంచి ఒకరికి ఫ్లాపీల్లో తిరిగాయి.

ఫిబ్రవరి గడిచాక ఊపిరి పీల్చుకుందామనుకునేలోపు 2.6 కెర్నల్ మీదికి మారమని కస్టమర్లు అడగడం మొదలైంది. 2.6లో మాడ్యూళ్ళ ఫైళ్ళ రూపమే మారిపోయింది, చివర ".ఓ" పోయి ".కేఓ" వచ్చింది. వాటిని ఎక్కించే పాత పనిముట్లకి ఈ కొత్త రూపం అర్థం కాదు, రస్టీ రస్సెల్ రాసిన మాడ్యూల్-ఇనిట్-టూల్స్ ముందుగా వేసుకోవాలి. వేసుకోని చోట కెర్నల్ బాగానే లేచేది, డిస్కు తెరిచేది, ఒక్క మాడ్యూలూ ఎక్కేది కాదు. నెట్‌వర్క్ కార్డు మాడ్యూల్‌గా ఉంటే ఇక అంతే. కంపైల్లో ఒక్క తప్పు లేదు, కాన్ఫిగ్‌లో తప్పు లేదు, అయినా పింగ్ లేదు. ఇలాంటప్పుడే మనిషికి తన మీద తనకు నమ్మకం పోతుంది.

ఇలాంటిదే 2006, 07లలో ఇంకోటి. పాత ఐడీఈ డిస్కులకి అప్పటిదాకా హెచ్‌డీఏ అని పేరు. లిబ్ఆటా అనే కొత్త డ్రైవర్ల కిందికి వచ్చేసరికి అదే డిస్కు ఎస్‌డీఏ అయింది. 2007 మేలో వచ్చిన ఫెడోరా 7 అందరికీ ఒక్కసారిగా ఈ మార్పు చేసింది. బూట్ లైన్లో హెచ్‌డీఏ అని రాసి ఉంటే కెర్నల్ ఆ పేరున్న ఇంటి కోసం వెతికి, దొరక్క, మొదట చెప్పిన ఆ వాక్యమే రాసి ఆగిపోయేది. అప్పటి నుంచే డిస్కుల్ని పేరుతో కాక లేబుల్‌తోనో, యూయూఐడీ అనే పొడుగాటి అంకెతోనో గుర్తించడం అలవాటైంది. దానికి మళ్ళీ ఇన్‌ఇట్‌ఆర్‌డీ సంచీ ఉండి తీరాలి. ఒక గుంట పూడిస్తే పక్కన ఇంకోటి.

ఇవన్నీ మౌనాన్ని బట్టి ఊహించే పద్ధతులు. ఆ చివరి వాక్యాన్నే దూరానికి మోసుకొచ్చే ప్రయత్నాలు కూడా పక్కనే సాగాయి. సీరియల్ కన్సోల్ అన్నిటికన్నా పాతది: తెరకి బదులు సీరియల్ తీగలోకి మాట్లాడమని కెర్నల్‌కి చెప్పడం, ఆ తీగ రెండో కొస పక్క సర్వర్లో. పక్కపక్కనే రెండు సర్వర్లు అద్దెకున్నవాడికే ఆ భోగం. 2001లో ఇంగో మోల్నార్ నెట్‌కన్సోల్ రాశాడు, కెర్నల్ తన మాటల్ని నెట్‌వర్క్ మీద పొట్లాలుగా విసిరేస్తుంది, ఇంకో మిషను ఏరుకుంటుంది. నెట్‌వర్క్ కార్డే లేవని రోజున ఇదీ మూగదే. ఐపీఎంఐ అని 1998 నుంచీ ఉన్న ఏర్పాటులో సర్వర్ లోపలే ఒక చిన్న వేరు కంప్యూటర్ కూర్చుని, పెద్దది పడిపోయినా బటన్ నొక్కుతుంది, తెర మాటలు చదివి వినిపిస్తుంది. చవక సర్వర్లలో అది ఉండేది కాదు. దిల్‌సుఖ్‌నగర్ దాకా వచ్చే పని చవక సర్వర్లదే.

వీటిలో నాకు ఇష్టమైనది కెడంప్. పడిపోయిన కెర్నల్‌ని నమ్మి దాని చేతే మరణ వాంగ్మూలం రాయించడం కుదరదు, అప్పటికే దాని మతి సరిగా లేదు. అందుకని ముందే మెమరీలో ఒక మూల ఇంకో చిన్న కెర్నల్‌ని దాచి ఉంచుతారు. పెద్దది పడగానే కెఎక్సెక్ అనే ఉపాయంతో, మిషను ఆర్పకుండానే, చిన్నది లేచి పెద్దదాని మెమరీని డిస్కులోకి ఎత్తిపెడుతుంది. కెఎక్సెక్ 2005లో 2.6.13 కెర్నల్లో చేరింది. అదే ఏడాది ఒట్టావా లైనక్స్ సదస్సులో కెడంప్ గురించి పత్రం సమర్పించినవాళ్ళు ముగ్గురు: ఎరిక్ బీడర్‌మన్, ఐబీఎం భారతీయ ఇంజనీర్లు వివేక్ గోయల్, హరిప్రసాద్ నెల్లితీర్థ. దూరపు మిషను ఎందుకు పడిందో తెలుసుకునే పద్ధతిని కట్టిన చేతుల్లో ఈ దేశపు చేతులు ఉండటం కాకతాళీయం కావచ్చు. నాకు మాత్రం అలా అనిపించదు.

తర్వాతి కథ త్వరగా చెప్పొచ్చు. 2006లో అమెజాన్ ఈసీ2 వచ్చింది. మొదట్లో అక్కడ వాళ్ళిచ్చిన కెర్నలే వాడాలి, సొంతది బూట్ చేసుకునే వీలు 2010లో గానీ ఇవ్వలేదు. కానీ కన్సోల్ మాటలు మొదటి నుంచీ అడిగితే ఇచ్చేవాళ్ళు. మిషనే ఉత్తుత్తిది కాబట్టి దాని తెరా ఉత్తుత్తిదే, దాన్ని ఎక్కడికైనా పంపొచ్చు. 2009 చివర్లో వచ్చిన 2.6.32లో స్టీవెన్ రోస్టెడ్ "లోకల్‌మాడ్‌కాన్ఫిగ్" పెట్టాడు, ఇప్పుడు ఏ మాడ్యూళ్ళు నడుస్తున్నాయో చూసి మెనూ జవాబులు తానే నింపుకుంటుంది, ఈ1000 మర్చిపోయే బాధ లేదు. కేస్‌ప్లైస్ అనే ఎంఐటీ ప్రాజెక్టు రీబూట్ లేకుండానే నడుస్తున్న కెర్నల్‌కి మాటు వేయడం చూపించింది. 2011లో ఒరాకిల్ దాన్ని కొనేసింది. 2015లో 4.0తో ఆ వసతి అసలు కెర్నల్లోకే వచ్చింది. 2003 చలికాలంలో ఇది ఉండి ఉంటే ఆ తొంభై రీబూట్లలో చాలా భాగం తప్పేవి.

సొంత కెర్నల్ కట్టేవాళ్ళు హోస్టింగ్‌లో దాదాపు లేరిప్పుడు. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్బీ నగర్‌కి మెట్రో వచ్చింది, పండ్ల మార్కెట్ బాటసింగారం వెళ్ళిపోయింది, గోడల మీద బోర్డుల్లో క్లౌడ్, డెవాప్స్ అని రాసి ఉంటుంది. పక్క మంచం ఆయన అమెరికా వెళ్ళాడు, డాలస్‌కే. ఒకసారి తను అన్నేళ్ళు చూసుకున్న సర్వర్ల డేటా సెంటర్ ముందు నుంచి కారులో వెళ్తూ, కిటికీలు లేని గోదాములాగా ఉందని ఫోన్ చేశాడు.

2024 నవంబరులో వచ్చిన 6.12 కెర్నల్లో ఒక కొత్త వసతి పెట్టారు. పానిక్ అయినప్పుడు తెర మీద ఆ వాక్యాలన్నీ కుదించి ఒక క్యూఆర్ కోడ్‌గా వేస్తుంది, ఫోన్‌తో తీసుకోవచ్చు. ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నవాళ్ళ కోసం చేసింది, బాగుంది. ర్యాకుల్లో ఉన్న సర్వర్లకి మాత్రం ఇప్పటికీ బూట్ లైన్లో "పానిక్=30" అనో, "పానిక్=10" అనో రాసి పెడుతూనే ఉన్నారు.